పారేయకండి, బాగుచేస్తాం

“జీతమొచ్చే కుర్చీ వదిలేసి, వేడెక్కని ఇస్త్రీపెట్టె ముందు కూర్చుంటానంటావు,” అంది అత్తగారు. “అంతేనా, ఇంకేమైనా ఉందా?”

“అంతే అత్తయ్యా,” అంది కోడలు.

పదకొండేళ్ళు సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసిన మనిషి. చివరి రెండేళ్ళూ ఆమె రాసిన ప్రోగ్రాముకు ఒకటే పని: జనం దగ్గరున్న వస్తువు పాతబడిపోయిందని వాళ్ళకు రోజూ గుర్తుచేయడం. ఒకరోజు చెత్తకుండీ పక్కన, ఒక్క తీగ ఊడిన పాపానికి ఎవరో పారేసిన ఫ్యాను కనిపించింది. ఇంటికి తెచ్చి పది నిమిషాల్లో తిరిగేలా చేసింది. ఆ నెలలోనే రాజీనామా ఇచ్చి, వీధి చివర గది అద్దెకు తీసుకుని, ‘పారేయకండి, బాగుచేస్తాం’ అని బోర్డు పెట్టింది.

మొగుడు నెమ్మదస్తుడు. “మూడు నెలలు చూద్దాం. గిరాకీ లేకపోతే మళ్ళీ కంపెనీకే,” అన్నాడు. అన్నాళ్ళూ సీటు ఖాళీగా ఉంచుతానని పాత టీమ్ లీడరు కూడా మాటిచ్చాడు.

మొదటి నెల కొట్టుకు ఇద్దరే వచ్చారు. ఒకాయన దారి అడిగాడు. ఇంకొకాయన ఫోన్ చార్జింగ్ పెట్టుకున్నాడు.

అత్తగారు మాత్రం రోజూ వచ్చి, ఉన్న ఒక్క కుర్చీలో కూర్చునేది. పనిలేక కోడలు ఇంట్లో వస్తువులే విప్పి బిగిస్తుంటే వంకలు పెట్టేది.

“ఇంత వస్తువు ఒక్క తీగ ఊడితే ఆగిపోతుందా?”

“ఆగిపోతుంది అత్తయ్యా. సగం వాటికి రోగం అదే.”

“ఈ మాత్రానికి ఇంజనీరింగ్ చదవాలా!”

రెండో నెల వచ్చేసరికి ఆమె కూడా రావడం మానేసింది. సాయంత్రమైతే చెప్పులేసుకుని బయల్దేరేది.

“ఎక్కడికి అత్తయ్యా?”

“ఎవరో ఒకరింటికి. నా గోడు చెప్పుకోవద్దూ?”

ఆ గోడు ఎలాంటిదో వారం తిరక్కుండా తెలిసింది. పక్కవీధిలో ఉండే రిటైరైన టీచరమ్మ ఒక కెటిల్ పట్టుకుని వచ్చింది.

“నిన్న మీ అత్తగారు మా ఇంట్లో గంటసేపు కూర్చున్నారమ్మా. అంతా నీ గురించే.”

“ఏమన్నారండీ?”

“నీకు మతి చెడిందన్నారు. పాపం, కళ్ళనీళ్ళు పెట్టుకుంటే నేనే లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చాను.” టీచరమ్మ కెటిల్‌ని బల్ల మీద పెట్టింది. “పొద్దున చూస్తే ఇది వేడెక్కడం లేదు. నువ్వెలాగూ ఖాళీగా ఉన్నావని తెలిసింది కదా, తెచ్చాను.”

కోడలు నాలుగు నిమిషాల్లో బాగుచేసి ఇచ్చింది. టీచరమ్మ ముచ్చటపడి, అటక మీద ఏళ్ళుగా మూలుగుతున్న రేడియో, కుట్టుమిషను కూడా పంపింది. మర్నాడు టైలరు ఇస్త్రీపెట్టె తెచ్చాడు. తర్వాత బ్యాంకు మేనేజరు భార్య మిక్సీ తెచ్చింది. అందరూ ముందు అత్తగారి కన్నీళ్ళ గురించి చెప్పి, ఆ తర్వాతే సంచిలోంచి వస్తువు తీసేవారు.

కోడలు వంటింట్లో నిలదీసింది. “ఇంటింటికీ తిరిగి నా పరువు తీస్తున్నారట!”

“నా కోడలు, నా ఇష్టం,” అంది అత్తగారు, పొయ్యి వైపు తిరిగి.

మొగుడితో చెబితే “అమ్మ అంతే” అన్నాడు.

దాంతో కోడలికి పంతం వచ్చింది. భోజనానికి కూడా ఇంటికి రావడం మానేసింది. మూడో నెల సగానికి బల్ల మీద చోటు చాలక వస్తువులు నేల మీదికి దిగాయి. గడువు ముగిసిన రోజు టీమ్ లీడరుకు ‘రాను’ అని రెండక్షరాలు పంపింది. మొగుడు నిచ్చెన తెచ్చి బోర్డుకు లైటు బిగించాడు.

ఆ సాయంత్రం ఆమె కావాలనే తొందరగా ఇంటికి వచ్చింది. అత్తగారు గుమ్మంలో చెప్పులేసుకుంటోంది.

“మీరెంత ప్రచారం చేసినా కొట్టు మూతపడలేదు అత్తయ్యా. ఇక నేను కంపెనీకి వెళ్ళను.”

“మంచిది. నేను డాక్టరమ్మ ఇంటికి వెళ్తున్నా.”

“ఇంకా ఏం మిగిలిందని చెప్పుకోడానికి?”

అత్తగారు వీధిలోకి అటూ ఇటూ చూసి, కోడలి దగ్గరికి జరిగి, గొంతు తగ్గించింది.

“అమ్మాయ్, వాషింగ్ మెషీన్‌కి ఏ తీగ పీకాలి?”