నూట ఇరవై వోల్టుల రంపం

“ఆ ప్లగ్గు గోడకి పెట్టావంటే నా మీద ఒట్టే!”

వడ్రంగి కేకకి అతని భార్య చెయ్యి సాకెట్టుకి జానెడు దూరంలో ఆగిపోయింది. రెండో చేతిలో కొత్త కరెంటు రంపం తళతళలాడుతోంది. విదేశంలో చెల్లెలి దగ్గర రెండు నెలలుండి నిన్న సాయంత్రమే ఇంటికొచ్చింది ఆమె. పెట్టెలో సగం బట్టలు ఆ రంపానికి చుట్టడానికే సరిపోయాయి.

“ఏమైందండీ? మారు ప్లగ్గు కూడా తెచ్చాగా!”

“అది ప్లగ్గు ఆకారం మారుస్తుందే కానీ, కరెంటుని కాదు. ఇలా చూడు.” వడ్రంగి కళ్లజోడు సవరించుకుని రంపం పొట్ట మీది చీటీ చూపించాడు. “నూట ఇరవై వోల్టులు. మన గోడలో ఉన్నది రెండు వందల ముప్పై. పెట్టిన మరుక్షణం మాడి మసైపోతుంది.”

ఆమె ముఖం చిన్నబోయింది. వడ్రంగికి జాలేసింది. జాలితోపాటు కాస్త హాయిగానూ ఉంది. నిజం చెప్పాలంటే, పొద్దున్న ఆ చీటీ చదివాకే అతనికి పోయిన ప్రాణం లేచొచ్చింది. ముప్పై ఏళ్లుగా చేతి రంపంతో గీత చెదరకుండా కోసి, మిల్లీమీటర్ మాస్టారు అనిపించుకున్న మనిషి. నిమిషానికి ఐదు వేల చుట్లు తిరిగే ఆ పళ్ల చక్రాన్ని చూస్తేనే అరికాళ్లకి చెమటలు పడుతున్నాయి. ఆ ముక్క పెళ్లాంతో ఎలా చెబుతాడు? అంత దూరం నుంచి మోసుకొచ్చిందాయె!

“పోనీలే, గోడకి తగిలిద్దాం. చూడ్డానికి అందంగా ఉంటుంది,” అన్నాడు ఉదారంగా.

“అందానికా నేను తెచ్చింది?” అంటూ ఆమె చెప్పులేసుకుని బయటికి నడిచింది.

అరగంటలో ఎలక్ట్రీషియన్‌ని వెంటబెట్టుకొచ్చింది. వీధిలో అందరూ అతన్ని ఫ్యూజు అంటారు. అతను రంపాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, వడ్రంగి భుజం తట్టాడు.

“అదృష్టమంటే నీదే అన్నా! మా ఆవిడ ఊరెళ్లి నాకు దువ్వెన తెచ్చింది,” అని బట్టతల నిమురుకున్నాడు.

“అదృష్టం సరే, వోల్టుల సంగతేంటి?”

“దానికేముంది, వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ పెడితే సరి. బుల్లిది పనికిరాదు. ఇది పద్దెనిమిది వందల వాట్లు లాగుతుంది, మూడు వేలది కావాలి.”

“అంత పెద్దది ఈ చుట్టుపక్కల ఎక్కడ దొరుకుతుందిలే పాపం,” అన్నాడు వడ్రంగి, గొంతులో సంతోషం తెలియకుండా జాగ్రత్తపడుతూ.

“ఎక్కడో ఎందుకు, నా షెడ్డులోనే ఉంది!”

వడ్రంగి గుండెల్లో రాయి పడింది.

కాసేపటికి నిజంగానే రాయంత బరువున్న ట్రాన్స్‌ఫార్మర్ తోపుడు బండి మీద వచ్చి పనిబల్ల పక్కన కూర్చుంది. ఫ్యూజు వైర్లు బిగిస్తున్నాడు. ఆమె చీటీలోని ప్రతి అంకె చదివి వినిపిస్తోంది.

“అక్కడ సెకనుకి అరవై సైకిళ్ల కరెంటుట. మనది యాభై. తేడా రాదూ?” అన్నాడు వడ్రంగి.

“కొన్ని మోటార్లకి వస్తుందన్నా. దీనిలో కార్బన్ బ్రష్షులున్నాయి. దీనికా పట్టింపు లేదు.”

“ఎర్తింగు?”

“చూశా. బాగుంది.”

“వాన పడేలా ఉంది...”

ముగ్గురూ కిటికీలోంచి చూశారు. బయట ఎండ ఫెళ్లున కాస్తోంది.

ఫ్యూజు మీటరు పెట్టి, నూట ఇరవై వస్తోందని చూపించాడు. రంపం తగిలించి మీట నొక్కాడు. జుయ్యిమంటూ చక్రం తిరిగింది. వడ్రంగి ఒక్క గెంతులో తలుపు దగ్గరున్నాడు.

“ఇక కోతే తరువాయి. రా అన్నా!” అని ఫ్యూజు రంపం ఆపి బల్ల మీద పెట్టాడు.

 భార్య కళ్లు ఆ రంపం మీదే ఉన్నాయి, దీపాల్లా వెలుగుతూ. ఇంకా దాచి ఏం లాభం? వడ్రంగి నెమ్మదిగా దగ్గరికొచ్చాడు.

“ఏమనుకోకే. నువ్వు ఎంతో ముచ్చటపడి తెచ్చావు. కానీ నాకు దీన్ని చూస్తే భయం. పొద్దుట్నించీ వోల్టులనీ, సైకిళ్లనీ చెప్పినవన్నీ అందుకే. నా చేతులకి నా పాత రంపమే అలవాటు. నీ మనసు కష్టపెట్టలేక...” 

ఫ్యూజు తల దించుకుని, బిగించిన స్క్రూనే మళ్లీ బిగించసాగాడు.

 ఆమె మూలనున్న చెక్క తీసి, పెన్సిలుతో గీత గీసి, బల్ల మీద పెట్టింది. రెండు వైపులా బిగింపులు వేసి, కదలకుండా ఉందో లేదో ఊపి చూసింది. రంపం ప్లగ్గు తీసి, చక్రం మీది రక్షణ తొడుగు సరిగా ఆడుతోందా అని వేలితో కదిపి, మళ్లీ ప్లగ్గు పెట్టింది. కొంగు వేలాడకుండా నడుముకి గట్టిగా దోపుకుంది. కళ్లకి అద్దాలు తగిలించుకుని, రెండు చేతులతో రంపాన్ని అందుకుంది.

“ఏం చేస్తున్నావే?” వడ్రంగి బిత్తరపోయాడు.

“ఇది మీకు తెచ్చానని నేనెప్పుడన్నానండీ? రెండు నెలలు చెల్లెలి పక్కింటాయన దగ్గర రంపం పని నేర్చుకుని మరీ, నాకు కొనుక్కున్నా... కాస్త అటు జరిగి, గీత తప్పితే చెప్పండి!”