సభకు పంపిన జవాబు

కట్టెల పొయ్యితో బతికే ఇళ్లు ఇంకా ఎన్ని ఉన్నాయని ఎమ్మెల్యే అసెంబ్లీలో అడిగారు. వారం తిరక్కుండానే సచివాలయం ఉద్యోగి త్రినాథ్ ఆ కొండ ఊరికి వచ్చాడు.

తలుపు తీసిన నీలవేణి సంబరపడింది. “రా బాబూ. గేసు బండ ఇస్తారేటి? మా అమ్మాయి బాలింత. మంచం కింద కుంపటి లేకపోతే పసిగుడ్డు ఈ సలికి ఆగదు.”

త్రినాథ్ పొయ్యిని చూశాడు, కుంపటిని చూశాడు. కాగితం మాత్రం బయటికి తీయలేదు.

“రాసుకో బాబూ. మా ఊళ్లో నలభై పొయ్యిలున్నాయి.”

“జవాబు నిన్ననే ఎల్లిపోనాదమ్మా. ఒక్క పొయ్యీ లేదని మావోళ్లు సెప్పీసినారు. నిజమో కాదో సూడ్డానికి ఎమ్మెల్యే గారు ఈయేల వస్తన్నారు.”

అతను పక్కకు జరిగాడు. వెనక నీళ్ల బకెట్లతో నిలబడ్డ ఇద్దరు మనుషులు బాలింత మంచం వైపు నడిచారు.