భీమమ్మ పాటలో డప్పు

"హఫీజ్ భాయ్, పాట ముందలున్నది, డప్పు డిక్కీల వడ్డది. ఏం పనిది?"

శ్రవణ్ కుమార్ మాటకు హఫీజ్ మొహం మాడిపోయింది.

కొత్తకోటలో హైవే పక్కన హఫీజ్ దుకాణం. కార్లలో స్పీకర్లు బిగించడం, డిక్కీలో డప్పులాంటి బరువైన మోతలు పలికించే వూఫర్ పెట్టడం, రెండింటి చప్పుడూ ఒక్కటిగా కలిసేలా సరిచేయడం అతని పని. ఆ కలపడంలో తనను మించినవాడు ఈ చుట్టుపక్కల లేడని అతని నమ్మకం. మామూలు నమ్మకం కాదు, ఎవరూ అడగకపోయినా చెప్పుకునేంత.

అలాంటివాడు పొద్దుటి నుంచి ఒక్క కారుతో కుస్తీ పడుతున్నాడు. కారు శ్రవణ్ కుమార్‌ది. గద్వాలలో పత్తి విత్తనాల వ్యాపారి.

"పొద్దు గూకేదాక చూస్త. కాకుంటే హైదరాబాద్‌ల చేయించుకుంట" అనేశాడు.

ఆ మాట నలుగురికీ తెలిస్తే ఇంకేముంది? రేపటి నుంచి ప్రతి కారూ దుకాణం ముందు నుంచే హైదరాబాద్‌కు పోతుంది.

హఫీజ్ మళ్ళీ భీమమ్మ పాట పెట్టాడు.

ఏ కారైనా అతను ఆ పాటతోనే సరిచూస్తాడు. ఎన్నడో ఎవరింట్లోనో కూర్చోబెట్టి రికార్డు చేసిన నాట్ల పాట. ఆమె గొంతు, ఒక్క డప్పు, అంతే. మొదటి దెబ్బల కింద ఏదో అలికిడి ఉంటుంది. అదేమిటో ఎవరూ పట్టించుకోలేదు. భీమమ్మ ఏనాడో పోయింది. డప్పు కొట్టిందెవరో ఎవరికీ తెలియదు.

"ఆ డప్పాయన యాడున్నడో గని అన్నా, కనపడితే చేతులు ముద్దుపెట్టుకుంట. నాకు పని నేర్పింది ఆ చేతులే."

"ముద్దులు తర్వాత. ముందుగాల డప్పును డిక్కీలకెళ్లి తియ్యి."

అప్పుడే బానెట్ మీద టకటకమంది.

నల్ల కళ్ళద్దాల ముసలాయన. చేతిలో మందుల సంచి. పాలమూరులో కంటి ఆపరేషన్ చేయించుకుని ఇంటికి పోతున్నట్టున్నాడు. అతని వేళ్ళు పాటతో పాటు బానెట్ మీద ఆడుతున్నాయి.

"ఓ పెద్దమనిషీ! చెయ్యి తియ్యి. కొత్త కారది, గీతలు పడ్తయ్."

చెయ్యి తీశాడు. మనిషి మాత్రం కదల్లేదు.

"ఎవరు నువ్వు? ఏం కావాలె?"

"దశరథం అంటరు భాయ్. గద్వాల బస్సుకు నిలబడ్డ. పాట ఇనపడితే ఇటొచ్చిన." కొంచెం తటపటాయించాడు. "డప్పు ఎనకకెళ్లి వస్తుంది. గట్ల లేకుండె. ఆమె పక్కకే ఉండె."

శ్రవణ్ కుమార్ పకపకా నవ్వాడు. "ఇగో, నీకు ఉస్తాద్ దొరికిండు భాయ్!"

హఫీజ్‌కు ఒళ్ళు మండింది.

"పక్కకుండెనో ఎనకుండెనో నువ్వు చూసొచ్చినవా?"

దశరథం ఏదో చెప్పబోయాడు. శ్రవణ్ కుమార్ నవ్వు ఇంకా ఆగలేదు. చెప్పబోయింది మింగేసి ఇంకో మాట అడిగాడు.

"ఒక్కసారి లోపల కూసొని ఇంట భాయ్. ఫోన్ల ఆమె గొంతొక్కటే వస్తది, డప్పు సరిగ్గ రాదు. బస్సు వచ్చేదాకనే."

హఫీజ్ అతని కాళ్ళు చూశాడు. నిండా దుమ్ము. కారులో సీట్ల మీది కవర్లు కూడా ఇంకా తీయలేదు.

"ఇదేమన్న బస్టాండా? పో, పోయి నీ బస్సు చూస్కో."

దశరథం సంచి చంకన పెట్టుకుని మెల్లగా రోడ్డు దాటాడు.

హఫీజ్ గుడ్డ తెచ్చి బానెట్ మీద పడ్డ వేలిముద్రలన్నీ శుభ్రంగా తుడిచాడు. గుడ్డ భుజాన వేసుకున్నాడు. కాని ముసలాయన మాట మాత్రం చెవిలోంచి పోలేదు.

ఆమె పక్కకే ఉండె.

ఒక్కోసారి స్పీకర్లు ముందుకు కొడుతుంటే వూఫర్ వెనక్కి గుంజుతుంది. దాని తీగలు ఇటువి అటు మార్చితే రెండూ ఒక్క దిక్కు కొడతాయి. ఈ సంగతి తెలియక కాదు, తన పనిలో తప్పుండదనుకుని చూడలేదు. ఇప్పుడు మార్చాడు. తర్వాత వూఫర్ మోత తగ్గించాడు. మోత తగ్గించడమంటే అతనికి ప్రాణం మీదికొచ్చినట్టే, అయినా తగ్గించాడు.

అతను డిక్కీలో తల దూర్చి ఉండగానే గద్వాల బస్సు వచ్చింది, ఆగింది, పోయింది.

కారు అద్దాలెక్కించుకుని ఇద్దరూ లోపల కూర్చున్నారు. పాట నడిమిలోంచి మొదలైంది. డప్పు డిక్కీ వదిలేసి ముందుకొచ్చింది. భీమమ్మ గొంతు పక్కనే, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుంది.

"గిదీ!" శ్రవణ్ కుమార్ తొడ చరుచుకున్నాడు. "హైదరాబాద్ లేదు గిద్రాబాద్ లేదు. మొదటికెళ్లి పెట్టు భాయ్!"

హఫీజ్ పొంగిపోతూ మొదటి నుంచి పెట్టాడు.

డప్పు మీద ఒక దెబ్బ. ఇంకొకటి. ఇన్నేళ్ళూ వూఫర్ మోత కింద అణగిపోయిన అలికిడి ఈసారి మాటలై పైకి వచ్చింది. భీమమ్మే. పాట ఎత్తుకునే ముందు నవ్వుతూ ఎవరినో పిలుస్తోంది.

"గంత దూరం కూసుంటే ఎట్ల తమ్మీ? జర నా పక్కకు జరుగు దశరథం. నీ డప్పు ఇనపడకుంటే నాకు పాట రాదు."

హఫీజ్ తలుపు తోసుకుని రోడ్డు మీదికి ఉరికాడు. అవతల ఎవరూ లేరు.

"ఆ ముసలాయన పేరు..." శ్రవణ్ కుమార్ గొంతులో ఇప్పుడు నవ్వు లేదు. "దశరథమే గద భాయ్?"

హఫీజ్ భుజం తడుముకున్నాడు. ముద్దుపెట్టుకుంటానన్న చేతుల గుర్తులు అతని భుజం మీది గుడ్డలో ఉన్నాయి.