ఆషాఢానికి ముందు పాలు

మా మేడమీది వాటా ఖాళీ అయి ఇరవై ఎనిమిది రోజులైంది. ముప్పై నిండితే ఖాళీ పన్ను పడుతుంది, వాటా ప్రభుత్వం చేతికి పోతుంది. ఏ వాటాలో పొయ్యి వెలిగిందో గోడమీది పెట్టె కనిపెట్టి ప్రభుత్వానికి చెబుతుంది. కాకినాడలో అది లేని ఇల్లు లేదు.

అద్దెకు చూడొచ్చిన నర్సు సత్యవేణికి వాటా నచ్చింది.

"కానీ వారంలో ఆషాఢం బాబాయిగారూ. శ్రావణంలో దిగుతామండి."

"పెట్టెకి ఆషాఢం తెలీదమ్మా."

"అయితే మీరే పైకెళ్లి వండుకోండి," అని నవ్వింది.

"ఇంటాయన వంట లెక్కలోకి రాదు. ఇవాళ దశమి. పాలు పొంగించి వెళ్లు. కాపురం పెట్టినట్టే. సామాను శ్రావణంలోనే తెచ్చుకో."

ఆమె సరేనని మేడ ఎక్కింది. గిన్నె నేనే ఇచ్చాను. పాలు పొంగి పొయ్యిమీద పడ్డాయి.

"కొత్త కాపురం నమోదైంది. నలభై రోజులకు మళ్లీ చూస్తాను," అంది పెట్టె.

"శ్రావణం అంతకుముందే వస్తుంది," అని తాళంచెవి ఆమె చేతిలో పెట్టాను.

పక్కింటి కన్నారావు పిట్టగోడ మీంచి అంతా వింటున్నాడు.

"మావయ్యా, మా ఖాళీ వాటా చూడొచ్చినోళ్లూ ఆషాఢమనే వెళ్లిపోయారు. పిలుచుకురానా?"

"పరుగెత్తు. పాలు నేను తెస్తాను."