పెయింటరు రాసిన ఆఖరి బోర్డు

ఊళ్లోని సేవాసంఘం వాళ్లు పదకొండింటికి వస్తామన్నారు. పదిన్నరకల్లా ఆవిడ పెయింటరుకి గడ్డం గీసింది. గొంతులోని గొట్టం చుట్టూ తుడిచి, కళ్లలో చుక్కలు వేసి, దిళ్లు సర్దింది. మొగుడికి చేస్తున్న సేవకి ఇవాళ సన్మానం ఆవిడకే. సంతోషమా అంటే లేదు, దుఃఖమా అంటే అదీ లేదు. ఐదేళ్లుగా చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

ఊళ్లో సగం దుకాణాల బోర్డులు ఆయన రాసినవే. జబ్బు పేరు ఏఎల్‌ఎస్ అన్నారు డాక్టర్లు. ఒంట్లో కండరాలు ఒక్కొక్కటే చేతులెత్తేసే జబ్బు. కుంచె పట్టే ఓపిక ఉన్నప్పుడే ఆయన ఒక చెక్క మీద అక్షరాలన్నీ వరసలుగా రాసిపెట్టుకున్నాడు. మాట పోయాక అదే ఆయన నోరు. ఆవిడ వరసల మీద వేలు జరుపుతుంటే కావలసిన చోట ఆయన రెప్ప వాల్చాలి. తర్వాత ఆ వరసలో అక్షరం. అదీ పద్ధతి.

మొదట్నుంచీ ముక్తసరి మనిషి. ముప్పై ఏళ్ల కాపురంలో కూర బాగుందన్న పాపాన పోలేదు. బోర్డు వచ్చాక కూడా మంచినీళ్లు, దిండు, ఫ్యాను, అంతే. నాలుగు నెలలుగా మాత్రం ధోరణి మారింది. కూతురు వస్తే, "నువ్వు పుట్టాకే నా చెయ్యి తిరిగింది" అని వచ్చింది బోర్డు మీద. పదేళ్లుగా మాటల్లేని తమ్ముడు గుమ్మంలో తటపటాయిస్తుంటే, "తప్పు నాదేరా" అని వచ్చింది. తమ్ముడు మంచం కోడు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఒకసారి ఆడపడుచు తనూ బోర్డు పట్టుకుని చూసింది. "నాకేం అంతుపట్టట్లేదు వదినా" అని తిరిగిచ్చేసింది. అలవాటు మీద తెలుస్తుందిలే అంది ఆవిడ.

అందరికీ మాట దక్కింది, ఆవిడకి తప్ప. ముప్పై ఏళ్లుగా ఆవిడకి కావలసింది ఆ ఒక్కటే. నోరు తెరిచి ఎన్నడూ అడగలేదు.

సంఘం వాళ్లు వచ్చారు. ప్రశంసాపత్రం చేతికిచ్చి ఫొటో తీశారు. కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు.

"మీ గురించి ఆయనే ఒక్క మాట చెప్తే బాగుంటుందమ్మా."

గదిలో అందరూ మంచం వైపు తిరిగారు. కూతురు ఫోను పైకెత్తింది.

"ఇవాళైనా చెప్పు అన్నయ్యా" అంది ఆడపడుచు.

ఆవిడ స్టూలు జరుపుకుని, అందరికీ వీపు పెట్టి, ఆయనకెదురుగా కూర్చుంది. మొదటి వరస మీద వేలు పెట్టింది. రెండో వరస. మూడోది. ఆఖరి అక్షరం దాకా వెళ్లి మళ్లీ మొదటికొచ్చింది. వేలు ఎక్కడా ఆగలేదు.

"అలిసిపోయారు" అంది, బోర్డు ఒళ్లో పెట్టుకుంటూ. "ఇంకోసారి చెప్తారట."

కూతురు ఫోను దించేసింది. కార్యదర్శి పర్లేదమ్మా, పర్లేదమ్మా అంటూ లేచాడు. వాళ్లు గుమ్మం దాటగానే ఆడపడుచు ఉండబట్టలేకపోయింది.

"అందరికీ చెప్పాడు. కట్టుకున్నదానికి ఒక్క మాట చెప్పడానికి మనసు రాలేదు చూడు."

ఆవిడ పత్రం బీరువా మీద పెట్టి, చుక్కల సీసా అందుకుంది.

నాలుగు నెలల క్రితం దిండు సర్దమని అడుగుతూ సగంలో ఆగిపోయిన ఆ రెప్పలు మళ్లీ కదలనే లేదని ఆవిడకీ, డాక్టరుకీ తప్ప ఎవరికీ తెలియదు.