పురుగు తిన్న అక్షరం

“డేగమ్మా, అరవై ఒకటో పేజీలో ఎన్ని?”

“రెండే.”

కంప్యూటరమ్మాయి అంకె ఎక్కించింది. గ్రీకు సువార్త పాత ప్రతి ఒకటి, దాన్ని చూసి ఎప్పుడో ఎవరో ఎత్తిరాసిన నకలు ఒకటి. రెండింటి ఫొటోలూ పక్కపక్కన పెట్టుకుని, అక్షరం మారిన చోటల్లా పెన్సిలు గీత పెట్టడం డేగమ్మ పని. ఆ గదిలో గ్రీకు వచ్చింది ప్రొఫెసరుగారొక్కరికే. ఈ పనికి భాష అక్కర్లేదు, కళ్లుంటే చాలు. ఆమెవి డేగ కళ్లు. పేరూ అలాగే వచ్చింది.

భోజనాల వేళ అమ్మాయి ఆమె సంచిలోకి తొంగిచూసింది. “మీ అక్కయ్యగారి ఉత్తరాలు మూడూ ఇంకా విప్పనే లేదా? అంత అలకేంటండీ?”

“అలకా పాడా! తీరిక దొరకొద్దూ?”

నిజానికి ఇంట్లో ఆమెకు ఉన్నదే తీరిక. ఆయన ఉన్నన్నాళ్లూ అక్క ఉత్తరం వస్తే, అచ్చం అక్కలాగే సాగదీస్తూ పైకి చదివేవాడు. ఇద్దరూ పడీ పడీ నవ్వేవాళ్లు. ఆయన పోయి ఏడాది. ఇప్పుడా ఇంట్లో చప్పుడు చేసేది కారే కుళాయి ఒక్కటే.

తలుపు మీద కొత్త నోటీసు కనిపించింది. “ఏంటమ్మాయ్ అది? కళ్లద్దాలు ఇంట్లో మరిచాను.”

“రోజూ మరుస్తారు! నివేదిక ఇవాళే పంపేస్తారట.”

సాయంత్రం లెక్కలు చూసి ప్రొఫెసరు పొంగిపోయారు. “అరవయ్యో పేజీ దాకా పేజీకి తొమ్మిది తప్పులు. ఆ తర్వాత రెండేసి. అంటే చెయ్యి మారింది, అక్కణ్ణించి రాసింది ఇంకొకడు. రెండోవాడు మహాపండితుడు! ఇదే రాసి పంపేస్తున్నా.”

ఆమె పెన్సిలు కింద పెట్టింది. నోరు విప్పితే, నీకెలా తెలుసంటారు. విప్పకపోతే, అన్ని పుటల మీద ఒంటరిగా వంగి కూర్చుని రాసిన ఆ రెండో మనిషిని ఇక ఎవరూ ఎరగరు.

“కాదు సార్. ఆయనకి చదువు రాదు.”

అమ్మాయి కిసుక్కున నవ్వింది.

“మొదటాయనవి చదువుకున్నవాళ్లు చేసే తప్పులు. ఒక మాట బదులు అదే అర్థమున్న ఇంకో మాట రాశాడని మీరే అన్నారుగా. రెండో ఆయన మాటలు మార్చలేదు. ఉన్నదున్నట్టు బొమ్మలా దించాడు. ఇదిగో, పాత ప్రతిలో పురుగు తిన్న చిల్లి. దాన్నీ అక్షరమనుకుని గుండ్రంగా గీశాడు.”

ప్రొఫెసరు భూతద్దం పట్టి చాలాసేపు చూశారు. నివేదికలో ‘మహాపండితుడు’ కొట్టేశారు. “ఇన్నేళ్లు చదివిన నాకు తట్టలేదు. మీకెలా తట్టిందమ్మా?”

ఆమె సంచిలోంచి మూడు ఉత్తరాలూ తీసి ఆయన ముందు పెట్టింది. “ఇవి కాస్త చదివి పెట్టండి సార్.”

“అయ్యో, కళ్లద్దాలు మళ్లీ మరిచారా?”

“నాకసలు కళ్లద్దాలే లేవు సార్.”