ఒక్క ముక్క తక్కువ

చర్చి నుంచి వచ్చి చెప్పులైనా విప్పకుండా లూసీ నేరుగా గరాజ్‌లోకి వెళ్లి, భర్త పనిబల్ల మీద చిన్న అట్టపెట్టె పెట్టింది.

"దొరికింది. ఇక ఈ తుపాకీ పురాణానికి మంగళం పాడండి," అంది.

షాలేం రాజు పెట్టె విప్పాడు. రైఫిల్ గొట్టం కొసన చెక్కను పట్టి ఉంచే ఇనుప తొడుగు. నోస్‌క్యాప్ అంటారు. బల్ల మీదున్న రైఫిల్‌కి తక్కువైంది ఆ ఒక్క ముక్కే. లూసీయే ఆన్‌లైన్‌లో వెతికి, మొగుడికి చెప్పకుండా తెప్పించింది. సంతోషించాల్సిన మనిషి మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

రైఫిల్ పక్కింటి వెర్నన్‌ది. ఆయన కుర్రతనంలో మిలిటరీవాళ్లు వదిలించుకున్న సరుకులో దాన్ని కొన్నాడు. జింకల వేటకి బరువని ముందు చెక్కంతా రంపంతో కోసి, ఊడిన ముక్కలన్నీ వాగులో విసిరేశానని చెప్పేవాడు. అది ఇంగ్లండ్ రైఫిలనే అనుకుంటూ ముసలివాడయ్యాడు. షాలేం రాజు దాని తుప్పు తుడిచిపెడుతుంటే ఇషాపూర్ తుపాకుల ఫ్యాక్టరీ ముద్ర బయటపడింది. మన బెంగాల్లో పుట్టి ఈ పరాయి దేశంలో జింకల మీద పేలిందా అని ముచ్చటపడి, దాన్ని మళ్లీ మిలిటరీ రూపానికి తెచ్చే పని నెత్తికెత్తుకున్నాడు.

అప్పటి నుంచి బెంటన్‌విల్ చలిలో లూసీ కారు బయటే. పొద్దున్నే అద్దం మీద మంచు గీక్కుని ఆఫీస్‌కి పోవడం, తిరిగొస్తే ఇల్లంతా తుపాకీ చెక్కకి పట్టించే అవిసె నూనె కంపు. ఎప్పటికవుతుందంటే ఆ ఒక్క ముక్క దొరకడం లేదనేవాడు. ఆమెకి విసుగొచ్చి, చివరికి ఆ విసుగు కూడా అరిగిపోయింది.

"నిన్నెవరు తెప్పించమన్నారు?" అన్నాడు షాలేం రాజు నీరసంగా.

"ఎవరూ అనలేదు. వెర్నన్ గారికి కాల్ కూడా చేశాను. వస్తున్నారు. ఇవాళే ఫిట్ చేసెయ్యండి."

స్క్రూడ్రైవర్ కోసం ఆమె సొరుగు లాగింది. లోపల పాత గుడ్డలో చుట్టి మూడు నోస్‌క్యాప్‌లు. తను తెప్పించింది ఎలా ఉందో అవీ అలాగే ఉన్నాయి.

అతను నోరు విప్పేలోపే పక్క తలుపు తోసుకుని వెర్నన్ వచ్చాడు. తల నున్నగా దువ్వుకున్నాడు, ఇస్త్రీ చొక్కా, పైన బరువైన కోటు. వారానికి మూడుసార్లు తెల్ల వ్యాన్ వచ్చి ఆయన్ని డయాలసిస్‌కి తీసుకెళ్తుంది. ఆ బడలిక నడకలోనే కనిపిస్తుంది. కుడిచెయ్యి కోటు జేబులోంచి తియ్యలేదు. చలికి కాబోలనుకుంది లూసీ.

"దొరికిందటగా," అన్నాడు. గొంతులో పెద్ద ఉత్సాహం లేదు.

లూసీ ఆయనకి కుర్చీ జరిపి, నవ్వుమొహంతోనే మొగుణ్ని తెలుగులో నిలదీసింది. "మూడు దాచుకుని నన్ను ఇన్నాళ్లు చలిలో నిలబెట్టారా?"

షాలేం రాజు ఇరకాటంలో పడ్డాడు. వెర్నన్‌కి తెలుగు రాదు, నిజమే. కానీ ఇంగ్లీషు ముక్క లేకుండా తెలుగు మాట్లాడి షాలేం రాజుకి ఎన్నేళ్లయిందో. డయాలసిస్ అన్నాడంటే ముసలాయన చెవులు నిక్కబొడుచుకుంటాయి. పాస్టరు గారి ప్రసంగంలా ఒక్కొక్క అచ్చ తెలుగు మాటా వెతుక్కుంటూ చెప్పాడు.

"ఇది పూర్తయిందంటే ఈ పెద్దాయన... రక్తం కడిగించుకోవడం మానేస్తాడట. భార్య పోయాక బతుకు మీద మనసు లేదట. దీన్ని కళ్లారా చూసి ఆపేస్తానని మొదట్లోనే చెప్పాడు."

"ఆపేస్తే?"

"ఆపేస్తే ఇంకేముంది లూసీ. రెండు వారాలు కూడా ఉండడు."

లూసీకి ఏడుపు తన్నుకొచ్చింది. పిలిచింది తనే. శుభవార్త అని చెప్పి మరీ పిలిచింది.

ఏమిటంటున్నాడని వెర్నన్ అడిగాడు. ఆమె జవాబు చెప్పకుండా కొత్త నోస్‌క్యాప్ తీసి గొట్టం కొసకి ఆనించింది. అమిరినట్టే అమిరింది. దాన్ని వెనక్కి తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. ఫ్యాక్టరీలో రైఫిల్ నంబరు నోస్‌క్యాప్ మీద కూడా కొట్టేవారని మొగుడి పాఠాలు విని విని ఆమెకీ తెలుసు.

"సారీ, మిస్టర్ వెర్నన్. ఇది పనికిరాదు. నంబరు కలవలేదు," అంది ఇంగ్లీషులో.

వెర్నన్ ఎడమచేత్తో రైఫిల్ మీది నంబరు తడిమాడు.

"కలవాల్సిందేనా?"

"కలవాల్సిందే," అన్నాడు షాలేం రాజు.

"అయితే కలిసేది దొరికేదాకా వెతకండి. నాకేం తొందర లేదు."

అప్పుడు జేబులోంచి చెయ్యి తీసి, అరచెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు. కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. లూసీ అల్లం టీ ఇస్తే రెండోసారి కూడా పోయించుకున్నాడు. మంగళవారం వ్యాన్ దింపేశాక ఇటే వస్తానని, ఆ టీ మళ్లీ పెట్టమని చెప్పి, చొక్కాతోనే పచ్చిక దాటి ఇంటికి వెళ్లిపోయాడు.

కుర్చీకి కోటు అలాగే ఉంది. ఇచ్చొద్దామని లూసీ దాన్ని అందుకుంటే ఒక పక్క బరువుగా లాగింది. కుడి జేబులో చెయ్యి పెట్టి చూసింది. పాత నోస్‌క్యాప్, అంచున రంపం గీసిన గాటు.

బల్బు కిందకి తీసుకెళ్లి కొంగుతో తుడిచింది. రైఫిల్ మీదున్న నంబరే దాని మీదా ఉంది.